వేపపువ్వు బీరు

వైశాఖంలో రెండో ఆదివారం, పగలు పన్నెండు గంటల పది నిమిషాలకు, చిలకలగూడలో మా మేడ మీది గదిలో ఒక జర్మనీ పెద్దమనిషి బీరు గ్లాసు ఎత్తి ఒక్క గుక్క నోట్లో పోసుకుని అలాగే ఆగిపోయాడు. మింగలేదు, ఉమ్మలేదు. బుగ్గలు రెండూ పూరీల్లా పొంగించి కళ్ళు మిటకరించాడు. ఆయన ముఖం చూసే ధైర్యం లేక నేను గోడ గడియారం చూశాను. టైము ఇంత కచ్చితంగా చెప్పగలగడం అందుకే.

ఆ గుక్కలో ఉన్న ఘోరమంతా నా చేతి పని. ఎవరినీ నిందించను. మా ఆయన్ని కొద్దిగా నిందిస్తాను, అది అలవాటు కాబట్టి.

అవి సాఫ్ట్‌వేర్ రోజులు. మా ఇరుకు సందుల్లోకి కూడా ఆఫీసు బండ్లు వచ్చి, హారన్ మోగించి, సగం నిద్రలో ఉన్న పిల్లలను ఎక్కించుకుపోయేవి. చేతినిండా జీతం, కడుపునిండా ఆకలి, వంట మాత్రం రాదు. ఆ ఆకలి మీదే నా కర్రీ పాయింటు నడిచింది. ముందు గదిలో బల్ల, బల్ల మీద ఆరు గిన్నెలు, పప్పు నుంచి గుత్తొంకాయ దాకా సంచుల్లో కట్టి ఇచ్చేదాన్ని. రాత్రి ఎనిమిదింటికి గిన్నెలు గీకినా గరిటెకు ఏమీ తగిలేది కాదు. ఎంత సందడిగా ఉండేదో!

మేడ మీది గదిలో అప్పలరాజు అద్దెకుండేవాడు. విజయనగరం వైపు పిల్లాడు, నన్ను పిన్నీ అనేవాడు. ఆ ఏడు ఆఫీసు పని మీద జర్మనీ వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చాడు. లోకంలో అందరూ అక్కడి నుంచి చాక్లెట్లు తెస్తారు. మా రాజు గింజల మూట తెచ్చాడు.

"ఏంది రాజు, గింజలు మోసుకొచ్చినవ్? రెజిమెంటల్ బజార్ల దొరకయా?"

"ఇవి మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలు పిన్నీ. మాల్ట్ అంటారు. వీటితో బీరు చేసీగలను. అక్కడ మా ఆఫీసు పెద్దాయన డీటర్ గారని, ఆదివారం ఆదివారం వాళ్ళింట్లో కూర్చోబెట్టి నేర్పించేరు. పేల్ ఏల్ అని, లేత రంగులో ఉంటాది."

"బీరా? మా ఇంట్లనా?"

మా ఆయన యాదగిరి అక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. రైల్వే పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం. కల్లంటే గౌరవం, బీరంటే అభిమానం. కప్పు కింద పెట్టి, "నేర్చుకున్న విద్య మర్శిపోవద్దు బిడ్డా. చెయ్యి. ఏమన్న తక్లీఫ్ అయితే నేనున్న" అన్నాడు. ఇంట్లో ఇలాంటిది కాయవచ్చా అని మీరు అడుగుతారు. మేము అప్పుడు అడగలేదు.

మూట నా స్టోరు గదిలో పెట్టించాడు. ఒక చిన్న పొట్లం, ఒక వెండిరంగు సంచి మాత్రం చేతికిచ్చి, "ఈ రెండూ మీ ఫ్రిజ్‌లో పెట్టండి పిన్నీ, చల్లగా ఉండాలి" అన్నాడు. పెరుగు గిన్నె పక్కన పెట్టాను. అవేమిటని నేను అడగలేదు, అతను చెప్పలేదు. మొత్తం అనర్థానికి బీజం ఆ పెరుగు గిన్నె పక్కన పడింది.

పది రోజులకు ఉగాది వచ్చింది.

ఉగాదినాడు నా దుకాణంలో కూరలు ఉండవు. కొత్త కుండలో పచ్చడి కలిపి, వచ్చిన వాళ్ళందరికీ గ్లాసుల్లో ఊరికే పోస్తాను. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన పిల్లలు, పండుగనాడు అమ్మ గుర్తొచ్చి ముఖాలు వేలాడేసుకుని వస్తారు. చింతపండు, బెల్లం, మామిడి ముక్కలు, పుట్నాలు, అన్నీ సిద్ధం. వేపపువ్వు లేదు. మా సందు చివరి వేపచెట్టును రోడ్డు వెడల్పు చేస్తామని అంతకుముందే కొట్టేశారు. పువ్వు తెచ్చే పూచీ మా ఆయనది.

"బొల్లారంల మా దోస్తు ఇంటి ముంగట చెట్టంత పువ్వే. తెల్లారే వరకు నీ చేతుల ఉంటది" అని ముందురోజు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పి పోయాడు.

తెల్లారింది. నా చేతుల్లో గరిటె తప్ప ఏమీ లేదు. ఆరున్నరకే వాకిట్లో జనం. అందరికంటే ముందు ఎదురింటి కమలమ్మ, గ్లాసు కాదు, చెంబు పట్టుకుని నిలబడింది.

"వదినె, పచ్చడి అయిందా? లేకుంటే వచ్చే ఉగాదికి రమ్మంటవా?"

"జెర ఆగు కమలా, ఆఖరి పని మీదున్న."

చేదు లేని ఉగాది పచ్చడి ఎవరికి పోస్తాం? ఫ్రిజ్ తలుపు తీసి, ఏం చేయాలో తోచక దాని చల్లటి గాలికి నిలబడ్డాను. పెరుగు గిన్నె జరిపితే వెండిరంగు సంచి కాలి మీద పడింది. విప్పి చూద్దును కదా, లోపల ఎండు పువ్వులు! లేత ఆకుపచ్చగా, ఉల్లిపొరలు మడిచి కట్టినట్టు చిన్న చిన్న మొగ్గలు. ఒకటి నమిలాను. చేదు. అబ్బ, ఏం చేదు! నా పాలిటికి ఫ్రిజ్‌లో వేపచెట్టు మొలిచింది. సంచి మీద ఏదో రాసి ఉంది. అప్పటికి నాకు తెలుగు అక్షరాలే రావు, ఆ అక్షరాలతో నాకేం పని? చదవడం వచ్చి ఉన్నా ఆ నిమిషంలో చదివేదాన్ని కాదు. వాకిట్లో కమలమ్మ చెంబు మీద వేళ్ళతో దరువు వేస్తోంది.

ఒక గుప్పెడు నలిపి కుండలో వేశాను. రుచి చూస్తే చేదు తగల్లేదు. ఇంకో గుప్పెడు. ఊహూ. ఎన్నాళ్ళో ఎండిన పువ్వు కదా, సత్తువ పోయిందేమో అనుకుని, సంచి తలకిందులు చేసి అడుగున ఉన్న పొడితో సహా దులిపేశాను. ఆ పువ్వు చేదు నానేకొద్దీ, నమిలేకొద్దీ దిగుతుందని నాకెవరు చెప్పారు?

మొదటి పది మంది తాగి దండం పెట్టి పోయారు. తర్వాత తాగిన వాళ్ళు దండం పెట్టలేదు. ఆఖరున వచ్చిన ఇద్దరు పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మింగారు. కమలమ్మ చెంబు ఖాళీ చేసి తిరిగొచ్చింది.

"వదినె, ఏం పచ్చడే గిది? ఈ ఏడాది మొత్తం నాకు కష్టాలే రాసిపెట్టినవా?"

"చేదు ఒంటికి మంచిది, తాగు."

"ఒంటికి సరే, నాలిక ఏం పాపం చేసింది?"

తొమ్మిది గంటలకు మా ఆయన వచ్చాడు, గోనెసంచి నిండా తాజా వేపపువ్వుతో.

"ఇగో, నీ పువ్వు!"

"ఇప్పుడెందుకు? జడల తురుముకోవాల్నా?"

ఆ సాయంత్రం గుడిలో పంచాంగ శ్రవణం. పంతులుగారు మేషరాశి ఆదాయ వ్యయాలు చదువుతుండగానే మా సందు వాళ్ళ తలలు ఒక్కొక్కటే వాలిపోయాయి. కర్కాటకం వచ్చేసరికి మా ఆయన గురక మైకులో వినిపించింది. ఆ పువ్వుకు నిద్రపుచ్చే గుణం ఉందట, రాజు చాలా రోజుల తర్వాత చెప్పాడు. ఆ రోజు మాత్రం పంతులుగారు అది తన గొంతులోని మాధుర్యం అనుకున్నారు.

అసలు పిడుగు అంతకుముందే, మధ్యాహ్నమే పడింది. రాజు నిద్ర లేచి పోలెలు, అదే బొబ్బట్లు, తినడానికి కిందికి వచ్చాడు. రెండు తిని, నెయ్యి వేళ్ళు నాకుతూ, "పిన్నీ, నా పువ్వు జాగ్రత్తగా ఉందా?" అన్నాడు.

"ఏ పువ్వు?"

"వెండి సంచిలోది. హాప్స్. బీరుకి చేదూ వాసనా అదే ఇస్తాది. గింజలు మళ్ళీ కొనుక్కోవచ్చు గానీ అది కొనేది కాదు పిన్నీ. డీటర్ గారి అమ్మగారు పెరటి గోడ మీద పాకించిన తీగది. ఆవిడ పోయేరు. ఏడాదికి నాలుగైదు దోసిళ్ళే వస్తాది, ఆయన ఎవరికీ ఇవ్వరు. మేము ఆరుగురం ఎల్లేం, నా ఒక్కడికే ఇచ్చేరు. వైశాఖంలో వస్తాను, మా అమ్మ పువ్వుతో నువ్వు చేసిన బీరు తాగుతాను అన్నారు. నన్ను అంత నమ్మినోళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు పిన్నీ."

నా చేతిలోని పోలె జారి నేతి గిన్నెలో పడింది.

ఆ క్షణంలో చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది, మీరూ వేరే పనులు చూసుకునేవారు. నేను చెప్పలేదు. "ఉంది బిడ్డా, బరాబర్ ఉంది" అన్నాను. అతను పైకి వెళ్ళగానే మా ఆయన్ని గదిలోకి లాగి తలుపు వేశాను.

"వాళ్ళమ్మ పువ్వంటయ్యా! సచ్చిపోయిన తల్లి పువ్వు! మొత్తం సందుకు తాపిచ్చిన!"

"అరెరే. చెప్పు మరి, పోరడు మంచోడు, ఏమనడు."

"ఏమనడనే నాకు పరేషాన్. తిట్టేటోడైతే ఎప్పుడో చెప్తుంటి."

మా ఆయన గడ్డం గోక్కున్నాడు. ఆయన గడ్డం గోక్కున్నప్పుడల్లా నాకు నష్టమే. "చేదుకు చేదు ఉన్నది గదనే. గోనెసంచెడు. పువ్వుకు పువ్వు!"

నేను ఆ మాట పట్టుకున్నాను. వేపపువ్వు నీడన ఆరబెట్టి, ఫ్యాను కింద నాలుగు రోజులు కలియదిప్పి, గలగలమన్నాక వెండి సంచి నింపి, రబ్బరు బ్యాండు బిగించి, పెరుగు గిన్నె పక్కన యథాస్థానంలో నిలబెట్టాను. దేవుడి పటం వైపు మాత్రం వారం రోజులు చూడలేదు.

మరుసటి ఆదివారం బీరు షురూ అయింది. గింజలు గిర్నీలో పట్టించుకొచ్చింది నేనే. "పిండి కాకూడదు పిన్నీ, పగిలితే చాలు" అన్నాడు, బొంబాయి రవ్వలా పట్టించాను. నా పెద్ద బగోనాలో వేడి నీళ్ళు పోసి, మరగకుండా గంటసేపు నానబెట్టి, ఆ తీపి నీళ్ళు వడగట్టాడు. ఇల్లంతా బెల్లం పాకంతో పాటు కాల్చిన రొట్టె వాసన. ఇక అవి మరిగించి పువ్వు వేయాలి. సంచి విప్పితే నా బతుకు విప్పినట్టే.

"రాజు, పువ్వు ఊరికే వెయ్యకు. వడగట్టేటప్పుడు జల్లెడల ఇరుక్కుంటది. బిర్యానీ మసాలా లెక్క పల్చటి బట్టల మూట కట్టి వేస్త, ఆఖరుకు తీసి పారేద్దాం."

"భలే చెప్పేరు పిన్నీ! మొదట పెద్ద మూట, ఆఖర్లో చిన్న మూట, రెండు కట్టండి."

ఇంతలో అతని సెల్‌ఫోను మోగింది. ఆ ఫోను చేసిన ఆఫీసు వాడెవడో, వాడి కడుపు చల్లగుండ! రాజు వాకిట్లోకి వెళ్ళాడు, నేను దొంగలా మూటలు కట్టాను. పెద్ద మూట మరుగుతుండగా తిరిగొచ్చి, బగోనా మీద వంగి గట్టిగా గాలి పీల్చాడు.

"ఏటిది పిన్నీ, మా ఊరి వాసనొస్తంది!"

"ఇంటి మీద మనసు పోయిందేమో. పోయి ఫోను చేసి రా, మీ అమ్మ సంతోషపడతది."

అతను చాలాసేపు ఆ ఆవిరి దగ్గరే నిలబడ్డాడు. కళ్ళు చెమర్చాయి. పొగ అనుకున్నాను.

చల్లార్చి, ఫ్రిజ్‌లోని చిన్న పొట్లం విప్పి అందులోని ఈస్ట్, అంటే పులియబెట్టే పొడి, వేసి, డ్రమ్ములో పోసి మూత పెట్టి, మూతలోంచి ఒక గొట్టం నీళ్ళ సీసాలోకి వదిలాడు. బయట రోళ్ళు పగిలే ఎండ. డ్రమ్ము చుట్టూ తడి గోనెపట్టాలు కప్పి, బోయిగూడ ఐసు దుకాణం నుంచి రోజూ ఐసు తెచ్చి తొట్టిలో వేసేవాళ్ళం. పిల్లలు పుట్టినప్పుడు కూడా మా ఆయన అన్నిసార్లు బాలింత గదిలోకి తొంగిచూడలేదు. "బుడగలొస్తున్నయే! బతికే ఉంది!" అని గంటకోసారి వచ్చి చెప్పేవాడు. రెండు వారాలకు సీసాల్లో పట్టారు. రాజు ఒక చెంచా నోట్లో వేసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, "బాగానే ఉంది పిన్నీ" అన్నాడు. అమ్మయ్య, తెలియలేదు అనుకుని ఆ పూట అతనికి రెండు గుత్తొంకాయలు ఎక్కువ వేశాను.

ఇక ఆ ఆదివారం. డీటర్ గారు వచ్చారు. తాటిచెట్టంత మనిషి, తెల్ల గడ్డం, ఎండకు ముఖం టమాటాలా కందిపోయింది. కూలర్ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాం. విదేశీ మనిషిని చూడాలని కమలమ్మ మిరపకాయ బజ్జీల పళ్ళెంతో వచ్చింది. రాజు సీసా విప్పి పోశాడు. రంగు బంగారం, పైన రెండు వేళ్ళ నురుగు. డీటర్ గారు గ్లాసు వెలుగులో పెట్టి చూసి, రాజు భుజం తట్టి, గుక్క తీసుకున్నారు. మిగతాది మీకు తెలిసిందే. పన్నెండూ పది.

చివరికి మింగారు. మెల్లగా ఇంగ్లీషులో ఏదో అడిగారు. రాజు తల వంచుకుని ఏదో జవాబిచ్చాడు. ఆయన ముఖంలో వెలుగు పోయింది. గ్లాసు కింద పెట్టేశారు.

మా ఆయనకు పార్సిళ్ళ పుణ్యాన ఇంగ్లీషు వచ్చు. మోచేత్తో పొడిచాను. "ఏమంటుండు?"

"ఇది మా అమ్మ పువ్వు కాదు, ఆ పువ్వు ఏం చేసినవ్ అని అడిగిండు."

"రాజేమన్నడు?"

మా ఆయన గొంతు తగ్గించాడు. "సంచి తడిసి బూజు పట్టింది, నేనే పారేసిన, తప్పు నాదే అన్నడు."

నాకు తల మీద కాగిన నూనె పోసినట్టయింది. పిల్లాడు నా తప్పు తన నెత్తిన వేసుకుని నిలబడ్డాడు. నమ్మి ఇచ్చిన మనిషి ఎదుట, తల్లి పువ్వును చెత్తలో వేసిన వాడిగా! నేను లేచి కూలర్ ఆపేశాను. నా మాటకు దాని రొద అడ్డం కాకూడదు.

"అబద్ధం! పారేసింది లేదు, బూజు లేదు. నేను దొంగను. ఉగాది పచ్చడిల కలిపి మొత్తం సందుకు తాపిన. దాని జాగల వేపపువ్వు కట్టింది సుత నేనే. చెప్పయ్యా, ఒక్క మాట మింగకుండ చెప్పు ఆయనకు!"

మా ఆయన చెప్పాడు. "పువ్వుకు పువ్వు" అన్న తన సలహా మాత్రం మింగాడు, అది నేను కనిపెట్టాను.

నేను రాజు వైపు తిరిగాను. "నీకెప్పుడు ఎర్కయింది?"

"మూట మరిగినప్పుడే పిన్నీ. మాయమ్మ వేపపువ్వు చారు పెడతాది. ఆ వాసన నాకు తెలీదేటి?"

"మరెందుకు అడగలే?"

"అడిగితే మీరు మరి నా ముఖం చూసి అన్నం పెట్టలేరు." కొంచెం ఆగి, "మీరు తలుపేసీసుకుంటే నా గుత్తొంకాయ ఏటైపోవాల?" అన్నాడు.

డీటర్ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఏదో అన్నారు. మా ఆయన అందుకున్నాడు. "వాళ్ళింట్ల రాజు రెండు గ్లాసులు పగలగొట్టిండంట. ఈయన చూడకముందే పోయి చెప్పిండంట. గిసుంటోడు అబద్ధమాడితే ఎవరికోసమో ఆడుతుండు అని అప్పుడే అనుమానమొచ్చిందంట." మళ్ళీ విని, "వాళ్ళమ్మ పువ్వు తినడానికి ఎట్లుండె అని అడుగుతుండు."

నేను నోరు తెరిచేలోగా కమలమ్మ అందుకుంది. "నిజం చెప్పాల్నా? మూడు దినాలు నాలిక నాలిక లెక్క లేదు. గడపల ఒలికింది నాకి మా కుక్క ఇల్లు ఇడిచిపోయింది!"

మా ఆయన ఇంగ్లీషులో రెండే మాటలన్నాడు, "వెరీ గుడ్" అని. డీటర్ గారు నమ్మలేదు. కమలమ్మ ముఖం అప్పటికే పూర్తి అనువాదం ఇచ్చేసింది.

"అంత చేదైతే మరి ఎవరూ పారబొయ్యలేదా?" అని అడిగించారు.

"ఉగాది పచ్చడి ఎవరన్న పారబోస్తరా? ఆఖరి చుక్క దాంక తాగిండ్రు" అన్నాను.

అప్పుడు నవ్వారు చూడండి! తాటిచెట్టు గాలికి ఊగినట్టు నవ్వారు. కళ్ళు తుడుచుకున్నారు. తమ ఊళ్ళో వాళ్ళమ్మ చేతి వంట ఎవరూ రెండో ముద్ద తినేవారు కాదట, సముద్రాల అవతల తన పువ్వును ఒక సందంతా ఆఖరి చుక్క దాకా తాగిందని తెలిస్తే మా అమ్మ ఎంత గర్వపడేదో అన్నారట. గ్లాసు మళ్ళీ ఎత్తి, ముక్కు మూసుకోకుండా పూర్తిచేసి, రాజు ముందుకు చాపారు, ఇంకొంచెం పొయ్యమని. కూలర్ మళ్ళీ వేశాను.

మరుసటి ఏడు ఉగాదికి వారం ముందు జర్మనీ నుంచి పార్సిల్ వచ్చింది. రెండు వెండి సంచులు. ఒకదాని మీద గ్లాసు బొమ్మ, రెండోదాని మీద కుండ బొమ్మ, స్వయంగా ఆయన గీసినవి. కుండ బొమ్మది పెద్ద సంచి. అది చూసిన కమలమ్మ పండుగకు నాలుగు రోజుల ముందే చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది.

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒకరు దాచుకోమని ఇచ్చిన సంచి ఈ జన్మలో విప్పను. అది ఎంత తేలికైనా, ఎంత చేదైనా, వాకిట్లో ఎంతమంది చెంబులు పట్టుకు నిలబడినా విప్పను. ఖర్మ కాలి విప్పితే ఆ పూటే చెప్పేస్తాను, వైశాఖం దాకా ఆగను.

ఆ ఆదివారం ఆ గదిలో ఉన్నవాళ్ళం: జర్మనీ డీటర్ గారు, మా అప్పలరాజు, ఎదురింటి కమలమ్మ, మా ఆయన యాదగిరి, బాలమణి అనే నేను.